మునక్కాలో గింజ ఎందుకుంది? ఎండుద్రాక్ష పేర్లు చెప్పే సంగతులు

ఆయుర్వేద మందుల దుకాణంలోనో, హైదరాబాద్ బేగంబజార్ డ్రైఫ్రూట్స్ కొట్టులోనో మునక్కా అడిగితే బొటనవేలి గోరంత పొడవున్న ముదురు గోధుమరంగు ఎండుద్రాక్ష తూచి ఇస్తారు. కొరికితే పంటికింద గింజ తగులుతుంది. ఒక్కో పండులో రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు కూడా ఉంటాయి. పేరు మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం. మునక్కా అనేది అరబీ మాట. శుభ్రం చేసినది, ఏరి బాగుచేసినది అని దానికి అర్థం. ఎండుద్రాక్షను శుభ్రం చేయడమంటే గింజ తీయడమే. గింజ తీసినదన్న పేరుతో గింజ ఉన్న సరుకు అమ్ముడుపోతోందన్నమాట.

ఇందులో వ్యాపారి మోసమేమీ లేదు. పారసీకంలో ఎండుద్రాక్షకు రెండు మాటలున్నాయి. చిన్నగా, గింజ లేకుండా ఉండేది కిష్మిష్. పెద్దగా, గింజతో ఉండేది మవీజ్. యునానీ వైద్యంలో మందుచీటీ మీద 'మవీజ్ మునక్కా' అని రాస్తారు. మవీజ్ తీసుకుని, గింజలు తీసేసి మందులో కలపాలని దాని భావం. అక్కడ మునక్కా సరుకు పేరు కాదు, మందు కట్టేవాడికి ఇచ్చిన సూచన. వాడుకలో మవీజ్ జారిపోయింది, సూచన మిగిలిపోయింది. కొన్నాళ్లకు ఆ సూచనే సరుకు పేరైంది. గింజ తీసే పని మాత్రం ఎప్పటిలాగే ఇంటికి తెచ్చుకున్నవాళ్లదే.

విశేష్యం రాలిపోయి విశేషణం మిగలడం మనకు కొత్తేమీ కాదు. మామిడిపళ్ల బండి దగ్గర 'బంగినపల్లి రెండు కిలోలు' అంటాం కానీ మామిడి అన్న మాట ఎత్తం. ఎండుద్రాక్షకు రకరకాల భాషల్లో ఉన్న పేర్లను వరసగా పెట్టి చూస్తే చాలావరకు ఇదే తంతు. ద్రాక్ష అన్న మాట ఎక్కడో రాలిపోయింది. ఏ ఊరి నుంచి వచ్చింది, గింజ ఉందా లేదా, ఎలా ఎండబెట్టారు అని చెప్పే మాటే పేరుగా స్థిరపడింది. అందుకే ఈ పేర్ల అర్థం తెలుసుకోవడం భాషాశాస్త్ర సరదాతో ఆగదు. కొట్లో ఏ సరుకు కొనాలో కూడా తేలుతుంది.

తెలుగులో రెండు పేర్లు ఎందుకు

తెలుగులో ఈ సరుకుకు ఎండుద్రాక్ష, కిస్‌మిస్ అని రెండు పేర్లు. రాతలో, గుడి ప్రసాదాల లెక్కల్లో, వైద్యం పుస్తకాల్లో మొదటిది. కిరాణా కొట్లో, వంటింట్లో రెండోది. 'పాయసంలోకి జీడిపప్పు, ఎండుద్రాక్ష వేయించు' అని వంటింట్లో ఎవరూ అనరు.

ఇంట్లో ఎండబెట్టుకునే వస్తువులకు తెలుగులో తరచు విడిగా పేరుంటుంది. అల్లం ఎండితే శొంఠి. మామిడి ముక్కలు ఎండితే ఒరుగులు. కొబ్బరికాయ లోపలే ఎండితే కురిడీ. శొంఠి సంస్కృతం నుంచి వచ్చిందే అయినా అది మన నోట్లో అరిగి మనదైపోయింది. ఇది కచ్చితమైన సూత్రమేమీ కాదు, పెరట్లో ఎండబోసిన మిర్చి ఎండుమిర్చిగానే ఉండిపోయింది. కానీ ద్రాక్ష సంగతి చూస్తే తేడా తెలుస్తుంది. తెలుగు నేల మీద ద్రాక్షను ఎండబెట్టే ఆనవాయితీ లేదు. ఎండిన పండు ఎండిన పండుగానే బయటినుంచి వచ్చింది, వస్తూ తన పేరునూ వెంట తెచ్చుకుంది. బాదం, పిస్తా, అంజీర్ వచ్చిన దారిదే. అన్నీ పారసీకపు మాటలే. జీడిపప్పు మాత్రం బ్రెజిల్ నుంచి వచ్చినా పేరు మనదే పెట్టుకున్నాం. ఆ చెట్టు మన ఇసుక నేలల్లో పెరిగింది, నల్లజీడి అప్పటికే ఇక్కడ అందరికీ తెలుసు, పోలిక చూసి పేరు పెట్టేశారు.

కిస్‌మిస్‌కూ, పల్లెల్లో 'కిస్మస్' అని పలికే క్రిస్మస్‌కూ ఏ సంబంధమూ లేదు. రెండూ డిసెంబరు కేకులో కలుసుకోవడం వల్ల పిల్లలకు ఆ అనుమానం వస్తుంటుంది.

ఇక సంస్కృతం వైపు చూస్తే అమరకోశం ద్రాక్షకు అయిదు పేర్లు చెబుతుంది. మృద్వీక, గోస్తని, ద్రాక్ష, స్వాద్వి, మధురస. మెత్తన, తీపి, రుచి అన్నీ ఉన్నాయి కానీ ఈ అయిదింటిలో ఎండినదని చెప్పే మాట ఒక్కటీ లేదు. గోస్తని అంటే ఆవు చనుమొన, పొడవాటి ద్రాక్ష ఆకారాన్ని బట్టి పెట్టిన పేరు. బొర్రా గుహల దగ్గర పారే గోస్తనీ నదిది కూడా ఇదే మాట, అక్కడ పోలిక గుహలో వేలాడే రాతి పొదుగుతో. చైనాలో తుర్పాన్ వైపు పొడవాటి ద్రాక్షను ఆడగుర్రం చనుమొన అంటారు. పశువుల్ని పెంచినవాళ్లకు పండు చూడగానే అదే గుర్తొచ్చిందన్నమాట.

ఆయుర్వేద మందుల తయారీ పట్టీల్లో ద్రాక్ష అని రాసి ఉంటే మాత్రం ఎండిన పండు వేయాలనే అర్థం. ద్రాక్షారిష్టం తయారీకి వాడేది ఎండుద్రాక్షే. పచ్చి ద్రాక్ష ఏడాదిలో రెండు మూడు నెలలు, అదీ కొన్ని చోట్లే దొరికేది. ఏడాది పొడవునా, ఏ ఊళ్లోనైనా వైద్యుడి చేతికి అందేది ఎండినదే. దాంతో పండు పేరు చెబితే ఎండు పండు అనే అర్థం స్థిరపడింది. ఇంగ్లీషులో సరిగ్గా ఇదే జరిగింది, కాకపోతే ఇంకా గట్టిగా. అన్నట్టు, పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం పేరులో ద్రాక్ష కనిపిస్తుంది కానీ ద్రాక్షతోటకూ దానికీ ముడి లేదు. స్థలపురాణం దాన్ని దక్షుడి ఆరామంగా చెబుతుంది.

గుత్తి పేరు పండుకు, పండు పేరు వరుగుకు

ఇంగ్లీషు రేసిన్ పుట్టుక లాటిన్ 'రాసెమస్'లో ఉంది. రాసెమస్ అంటే ద్రాక్షగుత్తి. అది ఫ్రెంచిలోకి వెళ్లి 'రెజాఁ' అయింది, అర్థం గుత్తి నుంచి పండుకు మారింది. ఇప్పటికీ ఫ్రాన్స్‌లో రెజాఁ అంటే పచ్చి ద్రాక్షే. ఎండినది కావాలంటే పక్కన 'సెక్' అని చేర్చి ఎండు రెజాఁ అనాలి, అచ్చం మన ఎండుద్రాక్షలాగే. నార్మన్ల పాలన తర్వాత ఈ మాట ఇంగ్లండు చేరింది. అక్కడి చలికి ద్రాక్ష సరిగా పండదు. తాజా పండు మధ్యధరా తీరం నుంచి ఓడలో వచ్చేసరికి కుళ్లిపోతుంది. చేరేది ఎండినదే. కాబట్టి రెజాఁ అన్న పేరు ఎండినదానికే అతుక్కుపోయింది. 1300 ప్రాంతం నుంచి ఇంగ్లీషు రాతల్లో రేసిన్ కనిపిస్తుంది.

మరి పచ్చి పండుకు? దానికి మళ్లీ ఫ్రెంచి నుంచే ఇంకో మాట తెచ్చుకున్నారు. అదే గ్రేప్. తమాషా ఏమిటంటే ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం గుత్తి. అంటే గుత్తి అనే మాట ఒకటి పండైంది, గుత్తి అనే ఇంకో మాట పండై, ఆ తర్వాత ఎండిపోయింది.

రాసెమస్ ఇంటర్ చదివిన తెలుగువాళ్లందరికీ మారువేషంలో పరిచయమే. వృక్షశాస్త్రంలో రెసిమ్ పుష్పవిన్యాసం అక్కడినుంచే వచ్చింది. రసాయనశాస్త్రంలో రెసిమిక్ మిశ్రమం కూడా అంతే. వైన్ పీపాల అడుగున పేరుకునే మడ్డిలో టార్టారిక్ ఆమ్లంతో పాటు దొరికిన ఇంకో ఆమ్లానికి గే-లుసాక్ రెసిమిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు, ద్రాక్షగుత్తి ఆమ్లమని. 1848లో లూయీ పాశ్చర్ దాని లవణపు స్ఫటికాల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, కుడిచేతి వాటంవి ఒక కుప్ప, ఎడమచేతి వాటంవి ఒక కుప్ప ఏరి వేరుచేశాడు. అప్పటినుంచి కుడి, ఎడమ వాటంవి రెండూ సమానంగా కలిసిన ఏ మిశ్రమమైనా, అందులో ద్రాక్ష ఆనవాలు లేకపోయినా, రెసిమిక్కే.

ఊరి పేరు మిగిలిపోయిన ఉదాహరణ కరంట్. గ్రీసులోని కొరింత్ రేవు నుంచి వచ్చే సన్నటి నల్ల ఎండుద్రాక్షను ఫ్రెంచిలో కొరింత్ రెజాఁ అనేవారు. ఇంగ్లీషు నాలుక మీద రెజాఁ పోయి కొరింత్ మిగిలి, అది కరంట్‌గా అరిగింది. పదహారో శతాబ్దంలో ఉత్తర యూరప్ పొదల మీద కాసే, చూడ్డానికి ఇలాగే ఉండే వేరే చిన్న పళ్లకూ ఆ పేరు తగిలించారు. మన పార్లర్లలో దొరికే బ్లాక్‌కరెంట్ ఐస్‌క్రీమ్‌లోది ఆ రెండో పండు. దానికి ద్రాక్షతో చుట్టరికం లేదు, తెలుగువాడి కరెంటుతో అసలే లేదు.

ఈ కొరింత్ సరుకు మీద ఒక దేశం ఎంత ఆధారపడిందో చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఊడ్చేస్తే, అక్కడి వైన్ తయారీదారులు గ్రీకు ఎండుద్రాక్ష కొని నానబెట్టి వైన్ చేసుకున్నారు. గ్రీసు రైతులు ఆలివ్ చెట్లు కొట్టేసి మరీ ద్రాక్ష వేశారు. ఫ్రాన్స్ తోటలు కోలుకుని, దిగుమతి సుంకాలు పెరిగేసరికి 1893లో ధర కుప్పకూలింది. ఆ ఏడాది చివర్లోనే ప్రధాని త్రికూపిస్ హయాంలో గ్రీసు ప్రభుత్వం అప్పులు చెల్లించలేనని చేతులెత్తేసింది.

సుల్తానా పేరు కూడా ఈ బాపతే. ఒట్టోమన్ సామ్రాజ్యపు స్మిర్నా రేవు, అంటే ఇప్పటి ఇజ్మీర్, నుంచి వచ్చే లేతరంగు గింజలేని సరుకుకు ఆ రాచపేరు పెట్టారు. స్పెయిన్‌లో ఎండుద్రాక్షను పాసా అంటారు. లాటిన్‌లో 'ఊవా పాస్సా' అంటే పరిచిన ద్రాక్ష, ఎండలో పరిచారని. ఊవా అంటే ద్రాక్ష. అది రాలిపోయి 'పరిచినది' మిగిలింది.

విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈ పేర్ల గందరగోళం నేరుగా పాయసం గిన్నెలోనే తగులుతుంది. బ్రిటన్ దుకాణంలో రేసిన్ అంటే నల్లగా ఉండేది, సుల్తానా అంటే లేతరంగుది, కరంట్ అంటే మిరియమంత నల్లది. మన కిస్‌మిస్‌కు దగ్గరిది సుల్తానా. అమెరికాలో సుల్తానా అని అడిగితే తెల్లమొహం వేస్తారు, గోల్డెన్ రేసిన్ అనాలి. అక్కడి మామూలు నల్ల రేసిన్ పాయసంలో వేస్తే రుచి బాగానే ఉంటుంది కానీ పాలు చాయ మారి మబ్బుపట్టినట్టు ఉంటాయి.

ఎండ, నీడ, వేడినీళ్లు

అఫ్ఘాన్ సరుకు పేర్లు ఇంకా నిక్కచ్చిగా ఉంటాయి. వాటిని పేర్లనడం కన్నా తయారీ విధానపు చీటీలు అనడం న్యాయం. ఆఫ్తాబ్ అంటే సూర్యుడు, ఎండలో ఎండినది ఆఫ్తాబీ. సాయా అంటే నీడ, నీడలో ఎండినది సాయగీ. ఆబ్ అంటే నీళ్లు, జోష్ అంటే మరగడం, ఎండబెట్టే ముందు మరిగే నీళ్లలో ముంచి తీసినది ఆబ్‌జోష్. మన దగ్గర ఖరీదైన రకంగా అమ్మే ఆబ్‌జోష్ మునక్కా ఇదే. మెత్తగా, కండపట్టి, తొక్క పలచగా ఉంటుంది. వేడినీళ్లు తొక్కను వదులు చేయడం వల్ల తడి త్వరగా పోతుంది, పండు గట్టిపడేలోపే ఎండిపోతుంది.

సాయగీ కోసం కాందహార్ వైపు మట్టిగోడల ఇళ్లు కడతారు. వాటిని కిష్మిష్ ఖానా అంటారు. గోడ నిండా నిలువు సందులుంటాయి, లోపల కర్రలకు గుత్తులు వేలాడదీస్తారు. వేడి పొడిగాలి సందుల్లోంచి దూసుకుపోతూ తడి లాగేస్తుంది, ఎండ మాత్రం పండుకు తగలదు. అందుకే ఆకుపచ్చ చాయ మిగులుతుంది. అదే గుత్తి ఎండలో పడేస్తే పండులోని ఎంజైములు, చక్కెరలు కలిసి దాన్ని గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిప్పేస్తాయి. పచ్చ, పసుపు, నలుపు కిస్‌మిస్‌లు వేర్వేరు ద్రాక్ష రకాలని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు ద్రాక్ష ఒకటే, ఎండబెట్టిన తీరు వేరు. కాలిఫోర్నియాలో తోట సాళ్ల మధ్య కాగితం పరిచి రెండు మూడు వారాలు ఎండబెట్టే నల్ల రేసిన్, మనకు లేత పసుపులో కనిపించే కిస్‌మిస్, ఎక్కువ భాగం థామ్సన్ సీడ్‌లెస్ అనే ఒకే గింజలేని ద్రాక్ష కుటుంబం.

సాంగ్లీ బేదాణా

మన దేశంలో కిస్‌మిస్‌కు పుట్టిల్లు మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా, ముఖ్యంగా తాస్‌గావ్ చుట్టుపక్కల. పక్కనే సోలాపూర్, కర్ణాటక వైపు విజయపుర. సాంగ్లీ ఎండుద్రాక్షకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ దీన్ని బేదాణా అంటారు. పారసీకంలో బే అంటే లేని, దానా అంటే గింజ. మరాఠీలో మనుకా కూడా ఉంది, అది మన మునక్కానే. న్యూజిలాండ్ నుంచి వచ్చే మనుకా తేనెకూ దీనికీ సంబంధం లేదు, అది అక్కడి మావోరీల భాషలో ఒక పొద పేరు.

అక్కడి తయారీ పద్ధతి కాస్త వివరంగా చూడాల్సిందే, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల కొట్లలో దొరికే పసుపు, ఆకుపచ్చ కిస్‌మిస్‌లో చాలా భాగం ఇలా తయారైనదే.

కోతకు ముందు చూసేది తీపి. రసంలో కరిగి ఉన్న పదార్థం శాతాన్ని బ్రిక్స్ మీటరుతో చూస్తారు, కనీసం 22 ఉండాలి. ఈ అంకె మీద ఎందుకంత పట్టుదలో చిన్న లెక్కతో తేలిపోతుంది. తయారైన కిస్‌మిస్‌లో తేమ 15 శాతం, మిగతా 85 శాతం ఘనపదార్థం. 100 కిలోల ద్రాక్షలో 22 కిలోల ఘనపదార్థం ఉంటే దాదాపు 26 కిలోల కిస్‌మిస్ వస్తుంది. 18 మాత్రమే ఉంటే వచ్చేది దాదాపు 21 కిలోలే. తూకం ఒక్కటే కాదు, తీపి చాలని పండు ఎండితే కండ లేక తొక్క ముడతలుగా మిగులుతుంది. చెట్టు మీద ఇంకో వారం ఆగితే పోయేదానికి తొందరపడి కోసిన రైతు మూడుసార్లు నష్టపోతాడు. తూకంలో ఒకసారి, గ్రేడులో ఒకసారి, ఎండటానికి పట్టే రోజుల్లో ఒకసారి.

ద్రాక్ష మీద కనిపించే తెల్లటి బూడిదలాంటి పొర మైనం. సన్నటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండి, లోపలి నీటిని బయటికి పోనివ్వదు. అలాగే వదిలేస్తే ఎండటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. దాన్ని వదులు చేయడానికే ముంపు ద్రావణం. 100 లీటర్ల నీళ్లకు రెండున్నర కిలోల పొటాషియం కార్బొనేట్, లీటరున్నర ఇథైల్ ఓలియేట్ కలుపుతారు. ఈ రెండోదాన్ని రైతులు డిప్పింగ్ ఆయిల్ అంటారు. గుత్తుల్ని క్రేట్లతో సహా అందులో రెండు నుంచి నాలుగు నిమిషాలు ముంచి, నీరు ఓడ్చి, షెడ్డులో అంతస్తులుగా కట్టిన నైలాన్ వలల మీద పరుస్తారు. పైన కప్పు, పక్కల షేడ్‌నెట్. రెండు మూడు రోజుల తర్వాత అదే ద్రావణాన్ని పలచగా చేసి ఒకసారి చల్లుతారు. 12 నుంచి 15 రోజుల్లో పండు తయారు.

ఇదేదో కొత్త రసాయన మాయ అనుకోకూడదు. మొదటి శతాబ్దంలోనే రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా ద్రాక్షను మరిగే బూడిదనీళ్లలో కాస్త మేలైన ఆలివ్ నూనె కలిపి ముంచి ఎండబెట్టమని రాశాడు. కట్టెల బూడిదలో ఉండేది ఎక్కువగా పొటాషియం కార్బొనేటే. క్షారం, నూనె, ముంచడం. రెండువేల ఏళ్లలో మారింది కొలత, శుభ్రత.

తప్పులు జరిగేది ఎక్కువగా ఈ దశలోనే. ద్రావణం చిక్కగా ఉన్నా, గుత్తి ఎక్కువసేపు మునిగినా తొక్క చిట్లి రసం కారుతుంది, పళ్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. తక్కువసేపు ముంచితే గుత్తి లోపలి పళ్లకు మందు అందదు, బయటివి ఎండిపోయి లోపలివి పచ్చిగా మిగులుతాయి. ఒకే తొట్టెలో పదేపదే ముంచుతూ పోతే దుమ్ము, రసం కలిసి ద్రావణం పస తగ్గిపోతుంది, దాన్ని పారబోసి కొత్తది కలపాల్సిందే. వల మీద గుత్తుల్ని దట్టంగా పరిస్తే గాలి ఆడక బూజు. అన్నిటికన్నా పెద్ద భయం మార్చి, ఏప్రిల్ అకాల వర్షం. షెడ్డుకు పక్కల తెర లేకపోతే జల్లు కొట్టి పండు నల్లబడుతుంది. వాన పడకపోయినా నాలుగు రోజులు మబ్బుపట్టి గాలిలో తేమ పెరిగితే చాలు, ఎండటం ఆగిపోయి పులుపు వాసన మొదలవుతుంది.

లేత పసుపు రంగు కావాలంటే గంధకం పొగ పెడతారు. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ పండు గోధుమరంగుకు తిరగకుండా ఆపుతుంది, బూజునూ ఆపుతుంది. మోతాదు మించితే ముక్కుకు ఘాటు తగులుతుంది, నాలుక మీద లోహపు రుచి మిగులుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు. ప్యాకెట్ వెనక 220 అనే అంకె ఉంటే ఈ పొగ తగిలిందని అర్థం. మిలమిలలాడే పసుపు కిస్‌మిస్సే మేలురకమని మన కొనుగోలుదార్లలో ఉన్న నమ్మకం వల్లే ఈ పొగకు ఇంత గిరాకీ. తీపిలో, రుచిలో గోధుమరంగుది తీసిపోయేది కాదు, చాలాసార్లు ఒక మెట్టు పైన ఉంటుంది కూడా.

ఎండిన గుత్తిలోంచి పుల్లలు వేరుచేసి, తొడిమలు రాల్చి, సైజు, రంగు ప్రకారం వేరుచేసి చల్లటి గిడ్డంగికి పంపుతారు. తేమ 18 శాతం దాటితే నిలవలో బూజు పడుతుంది. 12కు దిగితే రాయిలా గట్టిపడుతుంది.

గింజ లేనిది కాదు, ఎదగనిది

బేదాణా అన్న పేరులో ఒక చిన్న అబద్ధముంది. థామ్సన్ సీడ్‌లెస్ పండును అడ్డంగా కోసి కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే మధ్యలో తెల్లటి సన్నటి తుంట కనిపిస్తుంది. అది ఎదగడం ఆగిపోయిన గింజ. పూత ఫలదీకరణ చెందుతుంది, పిందె కడుతుంది, ఆ తర్వాత లోపలి పిండం చచ్చిపోతుంది, గింజ పెంకు గట్టిపడే దశకు రాదు. కొరింత్ రకం అలా కాదు, దానిలో ఫలదీకరణ లేకుండానే పండు తయారవుతుంది. అందుకే పండు అంత చిన్నది. గింజ పండుకు పెరగమని సంకేతమిచ్చే హార్మోన్ల గని, అది అసలే లేకపోతే పండు మిరియమంత దగ్గరే ఆగిపోతుంది. రెండింటినీ కొమ్మ కత్తిరించి నాటుకోవాల్సిందే, విత్తనం ప్రశ్నే లేదు.

థామ్సన్ అన్న పేరు కాలిఫోర్నియాలోని సటర్ కౌంటీ రైతు విలియం థామ్సన్‌ది. 1870లలో ఆయన న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెప్పించి అంటుకట్టిన తీగ అది. నిజానికి అది పశ్చిమాసియాలో ఎప్పటినుంచో ఉన్న సుల్తానీనా. తీగ పాతది, పేరు కొత్తది. మధ్య ఆసియాలో, రష్యన్ మాట్లాడే చోట్ల కిష్మిష్ అంటే గింజలేని పచ్చి ద్రాక్ష కూడా. కిష్మిష్ చోర్నీ, అంటే నల్ల కిష్మిష్, అనే రకం నుంచే మహారాష్ట్రలో శరద్ సీడ్‌లెస్ వచ్చింది. మార్చిలో తోపుడుబండి మీద దొరికే గింజలేని నల్లద్రాక్ష గుత్తుల్లో ఇది ముఖ్యమైన రకం. ఎండకుండానే దాని వంశంలో కిస్‌మిస్ ఉంది.

హైదరాబాద్‌కు సొంతంగా పేరు తెచ్చిన ద్రాక్ష వేరు. అనాబ్-ఎ-షాహీ, రాచ ద్రాక్ష. అనాబ్ అరబీలో ద్రాక్షకు ఉన్న మాటే. పెద్ద పండు, విపరీతమైన కాపు, నగరం చుట్టూ పందిళ్ల కింద దశాబ్దాల పాటు ఏలింది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా ఉంది. అయినా ఈ ప్రాంతం కిస్‌మిస్‌కు పేరుపడలేదు. అనాబ్ తీపి 15 ప్రాంతంలో ఉంటుంది, పైగా గింజ. పై లెక్క ప్రకారం కిలో ఎండుద్రాక్షకు దాదాపు ఆరు కిలోల పండు పోయాలి, తీరా వచ్చేది గింజల మునక్కా. తినడానికే పుట్టిన పండును ఎండబెట్టి ఎవరూ బాగుపడరు.

వంటింట్లో

మునక్కా గింజ తీయాలంటే గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి, నిలువునా గోటితో చీల్చి, వెనకనుంచి నొక్కితే గింజలు వాటంతటవే బయటికొస్తాయి. పొడిగా ఉన్నప్పుడు తీయబోతే కండంతా గింజతో పాటు ఊడొస్తుంది.

డబ్బాలో నెలల తరబడి ఉన్న కిస్‌మిస్ కొరికితే ఇసుకలా కరకరమంటుంది. అది మట్టి కాదు, పురుగూ కాదు. పండులోని గ్లూకోజ్ గడ్డకట్టి పలుకులైంది. వేడినీళ్లలో పది నిమిషాలు వేస్తే కరిగిపోతుంది. 1747లో జర్మన్ రసాయనవేత్త మార్‌గ్రాఫ్ గ్లూకోజ్‌ను మొదట వేరుచేసింది ఎండుద్రాక్షలోంచే. జర్మన్‌లో గ్లూకోజ్‌కు ఇప్పటికీ ద్రాక్షచక్కెర అనే పేరుంది.

నేతిలో వేయించేటప్పుడు జీడిపప్పు ముందు, కిస్‌మిస్ ఆఖరున. లోపలున్న కాస్త తేమ ఆవిరై తొక్కను బుడగలా ఉబ్బిస్తుంది. సన్నసెగ మీద అర నిమిషంలోపే ఆ పని అయిపోతుంది. ఉబ్బిన క్షణంలో తీసేయాలి. ఇంకో పది సెకన్లు ఆగితే చక్కెర మాడి చేదెక్కుతుంది, ఆ చేదు నెయ్యికి కూడా పడుతుంది. పాయసంలో స్టవ్ ఆపాకే కలపాలి. మరుగుతున్న పాలలో గుప్పెడు వేసి ఉడికిస్తే పండులోని టార్టారిక్ ఆమ్లం పాలను విరిచే ప్రమాదముంది.

ఎంత వేయాలన్నదానికి ఇంటింటికీ ఒక లెక్క ఉంటుంది. తిరుమల లడ్డూకు మాత్రం దిట్టం, అంటే సరుకుల కొలతల పట్టీ, ఉంది. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం 803 కిలోలు. ఎండుద్రాక్షను లడ్డూల మీద పంచితే ఒక్కోదానికి మూడు గ్రాముల పైచిలుకు, అంటే అయిదారు పళ్లు. చేతికొచ్చిన లడ్డూలో రెండే కనిపిస్తే మిగతా నాలుగూ పక్కవాళ్ల లడ్డూలోకి వెళ్లాయనుకోవాలి.